నాన్న రికార్డుల పెట్టె మళ్లీ పాడటానికి పట్టిన 11 వారాలు

జనవరి 18, ఆదివారం మధ్యాహ్నం అటక మీంచి నాన్న రికార్డుల పెట్టె దించాను. నాన్న పోయి ఆరేళ్లయింది, అప్పట్నుంచి దాని జోలికి ఎవరమూ వెళ్లలేదు. మూత తీయగానే తడిసి ఆరని గోనెసంచి వాసన గుప్పుమంది. లెక్కపెడితే 64 ఉన్నాయి: ఎల్పీలు 41, చిన్న 45లు 15, అట్టడుగున పాత చీరముక్కలో చుట్టిపెట్టిన బరువైన 78లు 8 (45, 78 అంటే అవి నిమిషానికి తిరిగే చుట్లు). అన్నీ ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి. కొన్నిటిమీద తెల్లగా బూజు పట్టింది. ప్రతి అట్ట కవరు వెనకాల కుడిమూల నాన్న పెన్సిల్‌తో కొన్న తేదీ రాసుకున్నారు. ఆ అంకెలు చూశాక వీటిని ఎవరికో ఇచ్చేద్దామన్న ఆలోచన పోయింది.

ఇలాంటి పెట్టె ఇంట్లో ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే కనీసం ఐదు వారాలు కలిసొచ్చేవి.

మర్నాడే ఇంట్లో ఉన్న పాత రికార్డు ప్లేయర్‌ని ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను. వారంలో ఇస్తామన్నారు. రెండో వారం ఫోన్ చేస్తే చూస్తున్నామన్నారు, మూడో వారం ఫోనే ఎత్తలేదు. 22 రోజుల తర్వాత, ఫిబ్రవరి 10న, దీనికి సామాను దొరకదని చెప్పి తిరిగిచ్చేశారు. ఇంటికి తెచ్చి చూస్తే, రికార్డుని పాడించే ముల్లు ఉండే భాగమైన కార్ట్రిడ్జ్‌ని పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూల్లో ఒకటి లేదు. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. వాళ్లు దాన్ని విప్పారు, కానీ ఏమీ చేయలేదు.

ఆ రాత్రే నేనే కూర్చున్నాను. రికార్డు పెట్టే చక్రాన్ని, అంటే ప్లాటర్ని, రెండు చేతులతో నెమ్మదిగా పైకెత్తితే వచ్చేసింది, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కింద చూస్తే రబ్బరు బెల్టు తారులా కరిగిపోయి ప్లాటర్ లోపలి అంచుకీ మోటారు పుల్లీకీ అంటుకుపోయి ఉంది. మోటారు తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు. ఇంతే, 22 రోజుల జబ్బు ఇదే! ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో దూది ముంచి ఆ జిగురంతా తుడవడానికి గంటన్నర పట్టింది. గ్లవ్స్ వేసుకోండి, ఆ నలుపు వేళ్లకు అంటితే ఓ పట్టాన వదలదు. ప్లాటర్ మధ్య ఇరుసు కూడా శుభ్రంగా తుడిచి రెండు చుక్కలు పల్చటి మెషీన్ ఆయిల్ వేశాను.

బెల్టు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను, ఏడు రోజుల్లో వచ్చింది. వేస్తే వదులు. చక్రం తిరుగుతూ తిరుగుతూ జారుతోంది. చేసిన తప్పేంటంటే, ఆ కరిగిపోయిన పాత బెల్టునే సాగదీసి కొలిచాను. పాతది ఎప్పుడో సాగిపోయి ఉంటుంది కదా! బెల్టు వెళ్లే దారంతా, అంటే ప్లాటర్ లోపలి అంచు చుట్టూ, మోటారు పుల్లీ చుట్టూ, ఒక దారం చుట్టి, దాని పొడవు కొలిచి, అందులోంచి సుమారు 5 శాతం తగ్గించాలి. ఆ కొలతతో ఫిబ్రవరి 18న ఆర్డర్ చేసింది 26న వచ్చింది, బిగుతుగా సరిపోయింది.

దాంతోపాటే కొత్త కార్ట్రిడ్జ్ కూడా తెప్పించాను. పాతదాని ముల్లుని భూతద్దంలో చూస్తే చివర వజ్రమే లేదు, ఉత్త కడ్డీ ఉంది. అలాంటి ముల్లు పెట్టి ఒక్కసారి వాయించినా రికార్డు గాడి చెక్కుకుపోతుంది. దయచేసి, పాత ప్లేయర్ పనిచేస్తోందో లేదో చూద్దామని మంచి రికార్డు మాత్రం పెట్టకండి. ముల్లు బాగానే కనిపించినా అది 500 నుంచి 1000 గంటలకు మించి ఉండే వస్తువు కాదు, ఎన్ని గంటలు వాడారో మనకు తెలియదు.

కార్ట్రిడ్జ్ బిగించడం నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన పని. నాలుగు వెంట్రుకల్లాంటి తీగలు. తెలుపు ఎడమ స్పీకర్ శబ్దానికి ప్లస్, నీలం దాని మైనస్, ఎరుపు కుడిదానికి ప్లస్, ఆకుపచ్చ దాని మైనస్. వాటి చివర ఉన్న చిన్న గొట్టాలని కార్ట్రిడ్జ్ వెనకున్న పిన్నులకి ఎక్కించాలి. గట్టిగా లాగితే తీగ ఊడి చేతికొస్తుంది. అమ్మ కనుబొమలు తీసుకునే పట్టకారు ఇచ్చింది, పని దాంతోనే అయింది.

తర్వాత బరువు. ముల్లు రికార్డు మీద ఎంత బరువుతో ఆనాలో కార్ట్రిడ్జ్ పెట్టె మీద రాసి ఉంటుంది. నాదానికి 1.8 నుంచి 2.2 గ్రాములు, నేను 2 పెట్టాను. ముందుగా, ముల్లుని మోసే ప్లేయర్ చెయ్యికి వెనకున్న బరువుని తిప్పి ఆ చెయ్యి గాల్లో సమంగా తేలేలా చేయాలి, అప్పుడు అంకెల చక్రాన్ని సున్నా దగ్గర పెట్టి, ఆ తర్వాత 2 దాకా తిప్పాలి. నా పాత ప్లేయర్ చక్రం 2 చూపిస్తే, చిన్న డిజిటల్ త్రాసు 2.6 చూపించింది. ఆ త్రాసు ఖరీదు రెండో బెల్టు కంటే తక్కువ, కొనడానికి వెనకాడకండి. బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందని నేనూ అనుకున్నాను. నిజానికి మరీ తేలికైతే ముల్లు గాడిలో నిలబడలేక గోడలకి కొట్టుకుంటూ ఎక్కువ పాడుచేస్తుంది.

ఫిబ్రవరి 28, శనివారం. అంతా సిద్ధం. వైర్లు తీసుకెళ్లి నేరుగా స్పీకర్లకి పెట్టాను, ముల్లు దించాను. ఎక్కడో పక్కవీధిలో దోమ పాడుతున్నట్టు సన్నగా, గరగరగా వినిపించింది. వాల్యూమ్ చివరిదాకా పెంచినా అంతే. వెనక సోఫాలో అమ్మ కూర్చుని ఉంది. "పాడైపోయాయేమో లేవే, పోనీ" అంది. ఆ మాటకి గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది, మాట్లాడకుండా ఆపేశాను.

రికార్డులకి ఏమీ కాలేదు, మధ్యలో ఉండాల్సిన ఫోనో ప్రీయాంప్, అంటే శబ్దాన్ని పెంచే చిన్న పెట్టె, లేదు, అంతే. మామూలు కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టుల దాకానే, ఫోన్ లాంటివి పెట్టే చోట స్పీకర్ దానికి సుమారు వంద రెట్లు ఆశిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. గాడి మరీ వెడల్పవకుండా రికార్డు కోసేటప్పుడే కింది స్థాయి శబ్దాలని తగ్గించి, పై స్థాయివాటిని పెంచి కోస్తారు. 1954 నుంచి దీనికి ఆర్‌ఐఏఏ అనే ఒకే కొలత స్థిరపడింది. ప్రీయాంప్ ఆ తగ్గించినదాన్ని పెంచి, పెంచినదాన్ని తగ్గించి లెక్క సరిచేస్తుంది. అందుకే అది లేకపోతే శబ్దం చిన్నగా ఉండటమే కాదు, మృదంగం, బేస్ అన్నీ మాయమై ఉత్త చురచురలే మిగులుతాయి. కొన్ని ప్లేయర్లలో, పాత ఆంప్లిఫయర్లలో ఇది లోపలే ఉంటుంది, 'ఫోనో' అని రాసి ఉందేమో చూసుకుని తర్వాతే కొనండి. నాదాంట్లో లేదు.

ప్రీయాంప్ మార్చి 9న వచ్చింది. ఈసారి శబ్దం నిండుగా వచ్చింది, దాంతోపాటు తేనెతుట్టె కదిలినట్టు గుయ్యిమని ఒకటే మోత. రెండు రోజులు వైర్లన్నీ మార్చి మార్చి చూశాను. చివరికి ప్లేయర్ వెనకాల చుట్టి టేపు వేసి ఉన్న ఒక సన్నటి తీగ కనపడింది, చివర చీలిన చిన్న రేకు ఉంది. అది ఎర్త్ తీగ. ప్రీయాంప్ వెనకున్న స్క్రూ కింద దాన్ని బిగించిన క్షణంలో మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం విని నేను చాలాసేపు రికార్డు కూడా పెట్టకుండా అలాగే కూర్చున్నాను.

ఈ ఎదురుచూపుల మధ్య జరిగిన అసలు పని కడగడం. ఎల్పీలకే ఆరు శని ఆదివారాలు పట్టింది. బూజు ఉన్నవాటిని ముందు బాల్కనీలో, మాస్కు పెట్టుకుని, మెత్తటి బ్రష్‌తో పొడిగా దులిపాను. తర్వాత నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటర్, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్ కలిపి, గాడి వెంబడి గుండ్రంగా రుద్ది, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టి రాత్రంతా ఆరనిచ్చాను. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. కుళాయి నీళ్లు వద్దు, ఆరాక ఆ నీళ్లలో ఉప్పు గాళ్లలోనే ఉండిపోయి చిటపటలు ఇంకా పెరుగుతాయి. నా మొదటి రెండు రికార్డులకి అలాగే అయింది, మళ్లీ కడగాల్సి వచ్చింది. మధ్యలో ఉన్న కాగితం లేబుల్ తడవకుండా దానిమీద డబ్బా మూత ఒకటి అదిమి పట్టుకుంటే చాలు.

మూడో రికార్డు కడిగినప్పుడు పళ్లెంలో దిగిన నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. చూసి భయమేసింది, రికార్డు రంగేమైనా పోతోందా అని. అది మురికే. ఒక్కో వైపు గాడిని సాగదీస్తే సుమారు అర కిలోమీటరు పొడవుంటుంది, అంత దారి పొడవునా ఇన్నేళ్ల దుమ్ము పేరుకుందన్నమాట.

ఒక ఎల్పీ మాత్రం ఎంత కడిగినా మంచు పట్టిన అద్దంలా మసకగానే ఉంది. నాన్న దాన్ని మెత్తటి పీవీసీ కవర్లో పెట్టారు. ఆ ప్లాస్టిక్‌లోని పదార్థం ఏళ్ల తరబడి రికార్డు ఒంటికి పట్టేసింది, అది పోదు. వింటే పాట వెనక సన్నగా వాన కురుస్తున్నట్టు ఉంటుంది. మీ దగ్గర అలాంటి కవర్లుంటే ఇవాళే తీసేయండి, పాలిథీన్‌వి వాడండి. లోపలి కాగితం కవర్లు కూడా అన్నీ మార్చాను. కడిగిన రికార్డుని మళ్లీ ఆ బూజు కాగితంలో పెడితే కడిగిన కష్టమంతా వృథా. 56 కొత్త లోపలి కవర్ల ఖర్చు రెండు బెల్టులు కలిపినదానికి నాలుగింతలైంది. మొత్తం ఖర్చులో ఎక్కువ పోయింది కార్ట్రిడ్జ్‌కి, తర్వాత ప్రీయాంప్‌కి, మూడోది ఈ కవర్లే. దీన్ని నేను అస్సలు లెక్కలో వేసుకోలేదు.

మార్చి రెండో వారానికి పాటలు వస్తున్నాయి, కానీ ప్రతి వైపూ చివరి పాట మాత్రం గీసుకుపోతున్నట్టు ఉంది. 'స' పలికిన చోటల్లా 'ష్ష్' అంటోంది. దీనికి కొంత కారణం రికార్డులోనే ఉంది. నిమిషానికి తిరిగే చుట్లు ఒకటే అయినా బయటి అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలికొచ్చేసరికి 21 సెంటీమీటర్లే. అదే పాటని ఇరుకుచోట ఇరికించినట్టు. అక్కడ ముల్లు కోణం కాస్త తేడాగా ఉన్నా చెవికి తెలిసిపోతుంది. నేను కోణం సరిచూసుకునే కాగితం కొలబద్ద ప్రింట్ తీసి, మూడు గంటలు కూర్చుని సరిగ్గానే పెట్టాను మరి! మార్చి 14 రాత్రి అనుమానమొచ్చి ఆ కాగితం మీదే స్కేలు పెట్టి కొలిస్తే, 100 మిల్లీమీటర్లని రాసిన గీత 97 మాత్రమే ఉంది. ప్రింటర్ కాగితానికి సరిపోయేలా తనంతట తానే కుదించేసింది. అసలు సైజులో మళ్లీ తీసి, ప్లాటర్ మధ్య పుల్లనుంచి 66 మిల్లీమీటర్ల దగ్గరా, 120.9 దగ్గరా కార్ట్రిడ్జ్ గీతలకి సమాంతరంగా వచ్చేలా జరిపి బిగించాను. మర్నాడు పొద్దున్న అదే చివరి పాట వింటే వయొలిన్ మీద కమాను తిరగేసిన చోటు కూడా తెలిసింది.

వేగం గురించి రెండు ముక్కలు. గీతల చక్రం పెట్టి దీపం కింద చూడటం పాత పద్ధతి, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ఎల్పీల వేగమైన నిమిషానికి 33⅓ చుట్లకి 180 గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. కానీ ఇప్పటి ఎల్ఈడీ దీపాలు చాలావాటి కింద ఏమీ కనపడదు, అంతా బూడిదరంగే. ఫోన్‌ని ప్లాటర్ మీద పెట్టి కొలిచే యాప్ వాడాను. 34.1 చూపించింది. మోటారు అడుగున చిన్న రంధ్రం, లోపల స్క్రూ ఉంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పితే 33.3కి వచ్చింది. అప్పటిదాకా పాడేవాళ్ల గొంతులు కాస్త పలచగా ఎందుకున్నాయో అప్పుడర్థమైంది.

ఇక మార్చి 22. ఈ రోజు గురించి కాస్త వివరంగా రాయాలి.

నాన్న ఎక్కువగా పెట్టే ఎల్పీ ఒకటుంది, పాత కచేరీ రికార్డు. దాని రెండో వైపు మూడో పాటలో ఒకచోట ముల్లు ఇరుక్కుపోయేది. ఒకే చుట్టులో తిరుగుతూ 1.8 సెకన్లకొకసారి అదే సగం మాట, అదే సగం మాట. నాన్న కుర్చీలోంచి కదలరు. అమ్మ ఏ పనిలో ఉన్నా వచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, చూపుడువేలితో ప్లేయర్ చేతిని ఇంత ముందుకి నెట్టి వెళ్లేది. నా చిన్నప్పటినుంచీ ఆ పాట అలాగే తెలుసు, మధ్యలో ఆ సగం మాట నాలుగైదుసార్లు, తర్వాత అమ్మ వేలు, తర్వాత వేరే వాక్యం. అది గీత పడి పోయిందనే అందరం అనుకున్నాం.

కడిగాక కూడా అక్కడే ఆగింది. పదింతలు పెద్దగా చూపే భూతద్దం పెట్టి, టార్చి పక్కనుంచి వేసి చూశాను. పైనుంచి వేస్తే ఏమీ కనపడదు, పక్కవాటంగా వేయాలి. గాళ్లన్నీ దున్నిన చేనులా నిగనిగలాడుతున్నాయి, వాటి మీద ఆవగింజలో పదోవంతు కూడా లేని నల్లటి బుడిపె. గీత కాదు, ఏదో జిగురు చుక్క పడి గట్టిపడింది! చెక్క టూత్‌పిక్‌ని నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక, గాడి వెంబడే, అడ్డంగా కాకుండా, తాకీ తాకనట్టు నెట్టడం మొదలుపెట్టాను. నలభై నిమిషాలు. మెడ పట్టేసింది. ఒక దశలో చెయ్యి వణుకుతోందని లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. చివరికి టూత్‌పిక్ కొసన చిన్న నల్ల నలుసు అంటుకుని వచ్చింది.

సాయంత్రం అమ్మని పిలవలేదు, ఊరికే పెట్టాను. ఆవిడ పప్పు ఏరుకుంటూ అక్కడే కూర్చుంది. మూడో పాట మొదలైంది. ఆ చోటు వస్తుండగా, నేను చూస్తూనే ఉన్నాను, అమ్మ చేట పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని లేచింది. రెండడుగులు వేసింది. పాట ఆగలేదు. ఆ సగం మాట పూర్తయింది, దాని వెనక మేమెప్పుడూ వినని ఒక మొత్తం పంక్తి వచ్చింది. అమ్మ వేలు గాల్లో అలాగే ఉంది. పాటయ్యేదాకా నిలబడే వింది. "మీ నాన్న ఈ ముక్క వినలేదే" అని మాత్రం అంది. ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు.

తర్వాతి వారాల సంగతులు త్వరగా చెప్పేస్తాను. నా సొంతంగా మొదటి రికార్డు ఒకటి మార్చి 11న ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, 17 రోజులకి వచ్చింది. 'వెరీ గుడ్' అని గ్రేడు వేసి ఉంటే చాలా బాగుంటుందనుకున్నాను. రికార్డుల లెక్కలో అది పైనుంచి నాలుగో మెట్టు, గీతలు కనిపిస్తాయి, చిటపటలు వినిపిస్తాయి. దాని పైన 'వెరీ గుడ్ ప్లస్', ఆ పైన 'నియర్ మింట్', అన్నిటికీ పైన 'మింట్' ఉంటాయి. కనీసం ప్లస్ అయినా ఉంటేనే తీసుకోండి. ఇంకోటి, రికార్డుని అట్టలోపలే ఉంచి పంపడంవల్ల దారిలో అది అటూఇటూ కదిలి అట్ట పై అంచుని కోసేసింది. రికార్డుని అట్టలోంచి తీసి పక్కన పెట్టి పంపమని అమ్మేవాళ్లకి ముందే రాయాలట, ఇప్పుడు రాస్తున్నాను.

ఏప్రిల్ 5కి ఎల్పీలు, 45లు అన్నీ అయిపోయాయి. 41లో 36 హాయిగా వినొచ్చు, రెండు బాగా వంకరపోయాయి, మసకది ఒకటి, రెండు నిజంగానే గీతలు పడి పోయినవి. అన్నిటినీ పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టాను, ఎండ తగలనిచోట. ఎల్పీలు వంద చేరితే పాతిక కిలోల బరువు దాకా ఉంటుంది, అలమర బల్ల గట్టిదై ఉండాలి.

మిగిలినవి ఆ 78లు. అవి తాతయ్యవి. ఎల్పీల్లా వినైల్ అనే ప్లాస్టిక్ కాదు, లక్కతో చేసినవి. పొరపాటున కూడా వాటికి ఆల్కహాల్ తగలనివ్వకూడదు, లక్క అందులో కరిగిపోతుంది. ఇది ముందే చదివాను కాబట్టి బతికిపోయాయి. అయినా ఒకటి పోయింది. ఒక్క చేత్తో అంచు పట్టుకుని ఎత్తాను, దాని బరువుకి అదే టక్కున విరిగి రెండు ముక్కలైంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. వాటిని ఎప్పుడూ రెండు చేతులతో, కింద అరచెయ్యి పెట్టి ఎత్తాలి. ఆ రెండు ముక్కలనీ పారేయలేదు, కవర్లో పెట్టి మిగతావాటి పక్కనే ఉంచాను.

వీటి గాడి ఎల్పీ గాడికి మూడు నాలుగింతలు వెడల్పు, ఎల్పీ ముల్లు పెడితే అడుగున దొర్లుతుంది. అందుకే నాన్న వీటిని ఎప్పుడూ పెట్టలేదట, సరైన ముల్లు దొరికినప్పుడు వింటానని చీరముక్కలో చుట్టి ఉంచారని అమ్మ చెప్పింది. నా కార్ట్రిడ్జ్‌కే ముల్లు ఒక్కటి మార్చి 78ల ముల్లు పెట్టుకోవచ్చు, ప్లేయర్లో ఆ వేగం కూడా ఉంది. ఏప్రిల్ 6న ఆర్డర్ పెట్టాను, మూడు వారాలు పడుతుందన్నారు. ఆ ఏడింటిలో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదట ఏది పెట్టాలో అమ్మ ఇప్పటికే ఒకటి తీసి పక్కన పెట్టింది.